సువార్త మేడం వెనక్కి తీసుకున్న మాట

జంగ్లీఘాట్ చేపల రేవు దగ్గరికి రాగానే నా స్కూటర్ దానంతటదే నెమ్మదిస్తుంది. ఐసు దిమ్మల్ని పొడి చేసే మిషను అక్కడ రోడ్డుకు ఆనుకునే ఉంటుంది. దిమ్మ లోపల పడగానే ముందు ఫటేల్‌మని ఒక చప్పుడు, తర్వాత గరగరా నమిలే చప్పుడు, ఆ వెంటనే చేపల వాసన కలిసిన చల్లగాలి ముఖానికి కొడుతుంది. మొన్న వాన వెలిసిన ఒక పొద్దున చేపలు కొనడానికి ఆగి, కొనడం మరిచిపోయి ఆ మిషను వైపే చూస్తూ నిలబడిపోయాను. "దీదీ, తీసుకుంటారా లేదా? ధూప్ వచ్చేస్తోంది, ఎండకి చేపలు పాడైపోతాయి" అని చేపలమ్మే ఆవిడ కసిరితే గాని ఈ లోకంలోకి రాలేదు. ఆ గరగర చప్పుడులో నాకు వేరే గొంతు వినిపిస్తూ ఉంటుంది. "పైకి కాదు ఈశ్వరీ, కిందికి చూడు" అనే గొంతు. సువార్త మేడం నాకు మొదటి పాఠం చెప్పింది ఆ రేవులోనే.

ఆవిడ మీకెవరికీ తెలిసి ఉండరు. భూగర్భ శాస్త్రవేత్త. విమానాశ్రయం పక్కనున్న లంబాలైన్‌లో పుట్టి పెరిగారు. వాళ్ళ తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి పని వెతుక్కుంటూ ఓడెక్కి ఈ అండమాన్ దీవులకు వచ్చిన మనిషి. మా తాత కూడా అంతే. మేము డిగ్నాబాద్‌లో స్థిరపడ్డాం, వాళ్ళు లంబాలైన్‌లో. ఆవిడ చదువు కోసం విశాఖపట్నం వెళ్ళి, అక్కడే ఉండిపొమ్మని ఎంతమంది చెప్పినా వినకుండా తిరిగొచ్చారు. ఆదివారం తెలుగు చర్చిలో పాటల బృందంలో ముందు వరసలో నిలబడేవారు. మిగతా రోజుల్లో సల్వారు కాళ్ళు పైకి మడిచి, మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు వేసుకుని, మెడలో సుత్తి తగిలించుకుని పగడపు దిబ్బల మీద తిరిగేవారు. రాళ్ళు కొట్టేటప్పుడు కూడా చర్చి పాటలే కూనిరాగం తీసేవారు. పేరేమో సువార్త, చెప్పేవన్నీ మంచు కరిగిపోయే కబుర్లు అని ఆఫీసులో వెనకాల నవ్వుకునేవారు. ఆ సంగతి తెలిసి ఆవిడ అందరికంటే గట్టిగా నవ్వేవారు.

డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్న నన్ను ఆవిడ తన ప్రాజెక్టులో సహాయకురాలిగా తీసుకున్నారు. చేరిన మొదటి వారంలో ప్రయోగశాల చూపిస్తారనుకుంటే ఈ రేవుకు తీసుకొచ్చారు. ఐసు అమ్మే అతణ్ణి అడిగి రెండు చిన్న దిమ్మలు పెట్టించారు. ఒకటి సిమెంటు గట్టు మీద. రెండోదాన్ని మాత్రం సగం గట్టు మీద, సగం పక్కనున్న నీళ్ళ తొట్టిలోకి దిగేలా పెట్టించారు. ఏది ముందు కరుగుతుందో చెప్పమన్నారు. ఎండ రెండింటి మీదా ఒకేలా పడుతోంది కాబట్టి రెండూ ఒకేసారి అన్నాను. టీ తాగుతూ కూర్చున్నాం. కాసేపటికి తొట్టిలో దిగిన దిమ్మ అడుగు భాగం నీళ్ళలో సన్నబడి, ఉన్నట్టుండి మొత్తం దిమ్మ గట్టు మీంచి జారి తొట్టిలో పడింది. నీళ్ళు పొంగి నా చెప్పులు తడిశాయి. గట్టు మీది దిమ్మ మాత్రం కాస్త చెమర్చి అలాగే కూర్చుంది.

"నువ్వు పైన ఎండ చూశావు. పైకి కాదు ఈశ్వరీ, కిందికి చూడు" అన్నారు. "దక్షిణ ధ్రువంలో పడమటి వైపు మంచు ఉంది చూశావూ, దాని కాళ్ళు సముద్రంలో ఉన్నాయి. గాలి వేడెక్కితే పైన నెమ్మదిగా కరుగుతుంది. నీళ్ళు వేడెక్కితే కింది నుంచి తినేస్తాయి. అప్పుడు జారుతుంది."

"ఎంత వేడెక్కితే జారుతుంది మేడం?" అని అడిగాను.

"అదే కదా తెలియంది! మనుషులెవరూ కళ్ళారా చూడలేదు. కానీ లక్ష ఏళ్ళకు పైమాటే అయింది, భూమి ఒకసారి ఇప్పటికంటే కాస్త వెచ్చగా ఉండేది. కాస్తే, ఎక్కువ కాదు. అప్పుడు ఆ మంచు ఏం చేసిందో తెలిస్తే, రేపేం చేస్తుందో కొంచెం తెలుస్తుంది. అప్పటి సంగతి చెప్పే సాక్షులు మన దగ్గరున్నారు."

ఆ సాక్షులు పగడాలు. పగడం బతికున్నప్పుడు ఎండ అందేంత లోతులోనే పెరుగుతుంది. నీళ్ళపైకి తలెత్తితే చచ్చిపోతుంది. అందుకే ఒకప్పటి పగడపు దిబ్బ ఇప్పుడు నీటికి ఎగువన రాయిగా కనిపిస్తే, ఒకనాడు సముద్రం అక్కడిదాకా నిలిచిందని అర్థం. సముద్రం అంత ఎత్తున నిలిచిందంటే ఆ నీరు ఎక్కడినుంచో రావాలి. ధ్రువాల్లో నేల మీద పేరుకున్న మంచు తప్ప అంత నీరు ఇచ్చేది ఇంకేమీ లేదు. ఎక్కడో భూమి కొసన మంచు పడ్డ అవస్థను మా దీవుల రాళ్ళు చెబుతాయన్న ఆలోచనే నాకు ఒళ్ళు జలదరించేలా చేసింది. అప్పటిదాకా నాకు అండమాన్ అంటే ఓడ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసే చోటు. మేడం మాటలతో అది లోకానికి ఏదో చెప్పగలిగిన చోటు అయింది.

ఉత్తరాన డిగ్లిపూర్ అవతల ఒక చిన్న దీవి ఉంది. బిమల్ భయ్యా అనే బెంగాలీ ఆయన డోంగీ అనే తన చిన్న పడవలో మమ్మల్ని అక్కడికి తీసుకెళ్ళేవాడు. ఆ దీవి చుట్టూ, పోటు నీరు ఎన్నడూ అందనంత ఎత్తున, అరుగు కట్టినట్టుగా పాత పగడపు రాయి ఉంది. దాని వయసు పరీక్షకు బయటి ప్రయోగశాలకు పంపితే, మేడం వెతుకుతున్న ఆ వెచ్చని కాలానిదే అని తేలింది. రెండు సీజన్లు మేము ఆ అరుగు కొస నుంచి కొసదాకా ఎత్తు కొలిచాం. ఎక్కడా వాలు లేదు, పగులు లేదు. పక్కనే బతికున్న దిబ్బ నీళ్ళలో చక్కగా ఉంది. ఇక్కడ నేల కదల్లేదు, సముద్రమే అంత ఎత్తుకు వచ్చింది అని మేడం తీర్మానించారు. దాన్ని వ్యాసంగా రాసి, కింద తన పేరు, దాని పక్కనే నా పేరు పెట్టారు.

ఆ వ్యాసం అచ్చయిన రోజు మా ఇంట్లో పండగే. రంపపు మిల్లులో జీవితమంతా పనిచేసిన మా నాన్నకు ఇంగ్లీషు రాదు, కానీ నా పేరు ఎక్కడుందో చూపించమని అడిగి, ఆ పేజీకి లామినేషన్ చేయించి హాల్లో గోడకు తగిలించాడు. ఇంటికి ఎవరొచ్చినా ముందు మంచినీళ్ళు, తర్వాత ఆ పేజీ. "మా పిల్ల సముద్రాన్ని కొలిసింది" అని చెప్పేవాడు. వింటూ నేను సిగ్గుపడుతున్నట్టు నటించేదాన్ని.

ఆ మరుసటి ఏడే భూకంపం, దాని వెంటే సునామీ వచ్చాయి. ఆ పొద్దున జరిగినదాన్ని ఇక్కడ తిరగేసి రాయలేను. మేము బతికాం, మేడం బతికారు, మాకు తెలిసినవాళ్ళందరూ బతకలేదు. కొన్ని వారాలు ఆఫీసులో ఎవరూ రాళ్ళ సంగతే ఎత్తలేదు. అందరం సహాయ శిబిరాల్లోనే ఉన్నాం. ఫోన్లు మళ్ళీ పనిచేయడం మొదలయ్యాక ఒకరోజు బిమల్ భయ్యా నుంచి ఫోనొచ్చింది. క్షేమసమాచారాలయ్యాక, "దీదీ, రీఫ్ తో బాహర్ ఆ గయా" అన్నాడు. దిబ్బ బయటికి వచ్చేసిందట. మేడం ఫోను పెట్టేసి ఉత్తరానికి ఓడ ఎప్పుడుందో కనుక్కోమన్నారు.

దొరికిన మొదటి ఓడలో వెళ్ళాం. డోంగీ దీవికి చేరకముందే వాసన తగిలింది, కుళ్ళిన నాచు, చచ్చిన పీతలు, ఎండలో మాడుతున్న పగడం. సునామీకి ముందు మేము డోంగీలోంచి వంగి చేపల్ని చూసిన చోట ఇప్పుడు తెల్లగా, పొడిగా, నడుము ఎత్తున పగడాలు నిలబడి ఉన్నాయి. సముద్రం ఎక్కడికీ పోలేదు. నేలే లేచింది. ఒక్క పొద్దుటే అంతమేర లేచింది. ఎక్కడా వాలు లేదు, పగులు లేదు. పాత అరుగును కొలిచినప్పుడు ఎలా కనిపించిందో, అచ్చం అలాగే సమంగా, ఒక్క పలకలా లేచింది.

మేడం టోపీ తీసేసి ఒక చచ్చిన పగడం మీద కూర్చున్నారు. ఆరోజు కూనిరాగం లేదు. నేను ఏదో ఒకటి అనాలని, "మన పాత అరుగు మాత్రం అలాగే ఉంది కదా మేడం" అన్నాను.

"లేదు ఈశ్వరీ. అదీ దీనితోపాటే లేచింది. కళ్ళముందే లేచింది. ఇలా ఇదివరకు ఎన్నిసార్లు లేచిందో, ఎన్నిసార్లు కుంగిందో మనకేం తెలుసు?" అన్నారు. "వాలు లేకపోతే కదల్లేదని రాశాను చూడు. ఆ వాక్యం నాదే. ఇదిగో, వాలు లేకుండానే కదిలింది."

అప్పుడే నాకు అర్థమైంది. మా అరుగు ఎత్తులో సముద్రం వంతు ఎంత, నేల వంతు ఎంత అన్నది ఇక ఎవరూ చెప్పలేరు. సముద్రం వంతు తెలియకపోతే మంచు వంతూ తెలియదు. గోడకు తగిలించిన ఆ పేజీలో కొలతలన్నీ నిజమే, చివరి మాట మాత్రం గాలిలో వేలాడుతోంది.

తిరిగొచ్చాక మేడం ఆ వ్యాసంలోని తీర్మానాన్ని వెనక్కి తీసుకుంటున్నట్టు పత్రికకు రాయాలని నిర్ణయించుకున్నారు. సంస్థలో పెద్దాయన ఒకరు ఆవిడ గదికి వచ్చి నచ్చజెప్పడం నేను పక్కనే ఉండి విన్నాను. "ఎవరూ వేలెత్తి చూపలేదు కదా మేడం. ఇప్పుడు మీరే బయటపెడితే ప్రాజెక్టు పొడిగింపు కష్టం. కొన్నాళ్ళు ఆగండి, ఎవరైనా అడిగితే అప్పుడు చూద్దాం" అన్నారాయన. ఆ మాటల్లో దురుద్దేశం ఏమీ లేదు, ఆవిడ మంచి కోసమే చెప్పారు.

"నేను చూశాను కదండీ. ఇంకెవరు చూడాలి?" అన్నారు మేడం.

ఆ సాయంత్రమే ఆవిడ డిగ్నాబాద్‌లోని మా ఇంటికి వచ్చారు. అంతకుముందెప్పుడూ రాలేదు. అమ్మ కంగారుపడి ఉన్న ఒక్క మంచి దుప్పటీ మంచం మీద పరిచింది. నాన్న అలవాటు ప్రకారం మంచినీళ్ళిచ్చి, గోడ మీది పేజీ చూపించబోయి, అది రాసినావిడకే చూపిస్తున్నానని గుర్తొచ్చి నవ్వాడు. మేడం నవ్వలేదు. విషయం మొత్తం నాన్నకు చెప్పారు, ఆయనకు అర్థమయ్యే మాటల్లో, ఏదీ దాచకుండా.

నాన్న ముఖం వాడిపోయింది. "మేడమ్ గారూ, నాను సదువుకోనోణ్ణి. సీదాగా సెప్పండి. మా పిల్ల ఏటైనా గలత్ సేసిందా?"

"లేదన్నయ్య గారూ. గలత్ నాది. ఈశ్వరి కొలతల్లో ఒక్కటీ తప్పు లేదు. వాటి మీద నేను కట్టిన మాట నిలబడదు, అంతే."

"మరి ఆ మాట తీసీస్తే పిల్ల నౌకరీ ఏటవుద్ది?"

"పోవచ్చు" అన్నారు మేడం. "పోదని చెప్పి మీకు ఆశ పెట్టలేను. అందుకే అడగడానికొచ్చాను. ఇందులో ఈశ్వరి పేరు కూడా ఉంది. తను ఒప్పుకుంటే ఇద్దరం కలిసి రాస్తాం. వద్దంటే నేనొక్కదాన్నే నా మాట వెనక్కి తీసుకుంటున్నానని రాసుకుంటాను. తనమీద నాకేం కోపం ఉండదు."

నాకు మాత్రం కోపం వచ్చింది. నా జీవితంలో నేను సాధించింది ఆ గోడ మీది కాగితం ఒక్కటే. "మీకు పర్మనెంటు ఉద్యోగం మేడం. మీరు ఏమైనా రాయగలరు" అన్నాను. నాన్న నా వైపు గుడ్లురిమాడు. మేడం తల ఊపి, "నిజమే. నీకయ్యే నష్టం నాకు కాదు. అందుకే ఆఫీసుకు పిలిపించి సంతకం పెట్టమనలేదు" అన్నారు. టీ మొత్తం తాగి, కప్పు తనే వంటింట్లో పెట్టి వచ్చారు. గుమ్మం దాటేటప్పుడు నాన్న, "మరి ఈ కాయితం తీసీమంటారా?" అని గోడ వైపు చూపించాడు.

"ఎందుకు తీయాలి? అది ఈశ్వరి పనిచేసిందనడానికి గుర్తు. ఉంచండి. రేపు ఇందులో తప్పుందని రాసింది అచ్చయితే, దాన్నీ పక్కన పెట్టండి."

"రెండూ పెడతారేటమ్మా ఎవులైనా!" అని నాన్న నవ్వేశాడు. ఆ రోజు మా ఇంట్లో ఎవరైనా నవ్వింది అప్పుడే.

నేను వెంటనే ఒప్పుకోలేదు. మేడం కూడా మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఒక ఆదివారం, ప్రార్థన అయిపోయాక తనతో చర్చి వెనకున్న షెడ్డుకు రమ్మన్నారు. సిప్పీఘాట్ వైపు పొలాలు పోగొట్టుకున్న తెలుగు కుటుంబాలు అక్కడ కూడాయి. ఉత్తరాన నేల లేచిన ఆ పొద్దుటే ఇక్కడ దక్షిణాన నేల కుంగింది. వరి పండిన మళ్ళలో సముద్రం వచ్చి నిలిచింది, ఇక వెనక్కి పోలేదు. వాళ్ళకు ధైర్యం చెప్పమని చర్చి పెద్దలు మేడమ్‌ను అడిగారు.

ఒకతను లేచి, "టీవీలో ధ్రువాల కాడ మంచు కరిగిపోతోందన్నారు. ఆ నీరేనా మా పొలంలోకి వచ్చింది?" అన్నాడు.

"కాదు. ఆ మంచు నీరు ఇలా ఒక్క పొద్దుటే రాదు. అది వస్తుంది, కానీ ఏళ్ళ తరబడి, నెమ్మదిగా వస్తుంది. ఇక్కడ జరిగింది అది కాదు. మన నేల దిగింది."

సత్తెమ్మ అనే ఆవిడ ముందుకొచ్చింది. భర్త పోయాక ఒక్కతే కూరగాయలు పండించుకుంటూ పిల్లల్ని పెంచుతున్న మనిషి. "దిగిన నేల మళ్ళీ లేస్తాదా అమ్మా? లేస్తాదంటే కూకుంటాను. సర్కారోళ్ళు సూద్దాం అంటన్నారు, అందరూ సూద్దాం అంటన్నారు. నువ్వు సెప్పు."

మేడం ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. "లోపల భూమి సర్దుకుంటోంది కాబట్టి కొంచెం లేవచ్చు. ఎంతో నాకు తెలియదు. నీ పొలంలో మళ్ళీ నువ్వు మడి కట్టే రోజు వస్తుందని మాత్రం నేను అనుకోవడం లేదు సత్తెమ్మా. దాని కోసం కూర్చోవద్దు."

వెనక నుంచి ఎవరో, "ధైర్యం సెప్పమని పిలిస్తే ఇదేటి!" అని అరిచారు. పెద్దలు ఇబ్బందిగా కదిలారు. సత్తెమ్మ చెయ్యెత్తి వాళ్ళను ఆపింది. ఏడుస్తూనే ఉంది, గొంతు మాత్రం స్థిరంగా ఉంది. "అరవకండి. ఈ మాట సెప్పడానికి ఇన్నాళ్ళకి ఒక్క మనిసి దొరికింది" అంది.

ఆ వర్షాలకే సత్తెమ్మ ఆస్టినాబాద్‌లో చెల్లెలి పెరడు అడిగి తీసుకుని వంగ, బెండ వేసింది. ఏడాది తిరిగేసరికి మార్కెట్లో ఆవిడ కొట్టు ముందు నేనే వరసలో నిలబడ్డాను. చూద్దాం అన్నవాళ్ళ మాట నమ్ముకున్న కొందరు మాత్రం మూడు నాలుగు పంటకాలాలు ఉప్పునీళ్ళ గట్టున ఎదురుచూశారు. కానీ అదంతా తర్వాతి సంగతి. ఆ ఆదివారం షెడ్డులోంచి బయటికొస్తూనే, "మేడం, నా పేరు కూడా పెట్టండి" అన్నాను. ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి నడిచారు, అంతే. పొగడలేదు, థాంక్స్ చెప్పలేదు. అది నా పనే అన్నట్టు తీసుకున్నారు. అదే నాకు నచ్చింది.

పత్రికలో అది పేజీలో పావు వంతు కూడా లేదు. ఫలానా తీర్మానం నిలబడదని, కారణం ఇదని, కింద మా ఇద్దరి పేర్లు. నాన్న దానికీ లామినేషన్ చేయించి మొదటిదాని పక్కన తగిలించాడు. పెద్దాయన చెప్పినట్టే ప్రాజెక్టు ఆగిపోయింది. నేను దాదాపు ఏడాదిపాటు పిల్లలకు ట్యూషన్లు చెప్పుకున్నాను. ఆ ఏడాదంతా శనివారం శనివారం మేడం నన్ను లంబాలైన్‌కు పిలిపించుకుని, కొత్త ప్రశ్న రాయించేవారు. రాసేది నేనే, కొట్టేసేది ఆవిడ. "సముద్రం ఎంత లేచిందో ఈ పగడాలు చెప్పలేవు, సరే. మరి ఏం చెప్పగలవు?" అని అడిగి, నా జవాబు కోసం ఓపిగ్గా కూర్చునేవారు. చివరికి తట్టింది. నేల ఎన్నిసార్లు, ఎంతెంత ఎగిరిపడిందో అవి చెప్పగలవు. దాన్నే కొత్త ప్రాజెక్టుగా రాసి మొదటిసారి పంపితే తిప్పి పంపారు. రెండోసారి ఒప్పుకున్నారు. ఈసారి మొదటి పేరు నాది, రెండోది ఆవిడది. ఆవిడ పట్టుబట్టి అలా పెట్టించారు.

అలా మొదలైన పని నా జీవితమంతా అయింది. నేల కదలకుండా నిమ్మళంగా ఉండే తీరాలు లోకంలో కొన్ని ఉన్నాయి. అక్కడివాళ్ళు తమ పగడాల్ని కొలిచారు. కదిలే చోట్లలో ఎంత తీసివేయాలో మాలాంటివాళ్ళం చెప్పాం. చాలా ఏళ్ళకు చాలా దేశాలవాళ్ళ లెక్కలు ఒకచోట చేరాయి. ఆ పాత వెచ్చని కాలంలో సముద్రం ఇప్పటికంటే కొన్ని మీటర్లు ఎత్తున నిలిచిందని, గ్రీన్‌లాండ్ మంచు ఒక్కటే కరిగితే అంత నీరు రాదని, దక్షిణ ధ్రువం కూడా తన వంతు ఇచ్చి ఉండాలని ఒక అవగాహనకు వచ్చారు. ఎంత వేగంగా ఇచ్చింది, విడతలు విడతలుగానా, ఒక్క ఊపునా అన్నది ఇంకా తేలలేదు.

అప్పటికి మేడం రిటైరై ఆస్టినాబాద్‌లో చిన్న ఇల్లు కట్టుకున్నారు. కళ్ళు బాగా మసకబారాయి. ఆ సంగతులన్నీ వరండాలో కూర్చుని చదివి వినిపించాను. కొన్ని మీటర్లు అన్న చోట ఆపమని, ఆ వాక్యం మళ్ళీ చదివించుకున్నారు. తర్వాత పకపకా నవ్వడం మొదలుపెట్టారు.

"అరే ఈశ్వరీ, మనం వెనక్కి తీసుకున్న మాట కూడా ఇంచుమించు ఇదే కదా!"

నిజమే. మా దీవి అరుగు చూసి ఆవిడ చెప్పిన ఎత్తు ఆ హద్దుల్లోనే ఉంది. నా ఏడాది నిరుద్యోగం, ఆవిడకు ఆగిపోయిన ప్రమోషను, అన్నీ ఒక్కసారి కళ్ళముందు నిలిచాయి. "అంటే వెనక్కి తీసుకోకుండా ఉండుంటే సరిపోయేదా మేడం?" అని అడిగేశాను.

ఆవిడ నవ్వు ఆపి, నా గొంతు వచ్చిన వైపు తిరిగారు. "జవాబు సరైనదే కావచ్చు. కానీ అది సరైనదని అప్పుడు నాకు తెలియదు కదా. తెలుసు అని రాశాను. అదే తప్పు" అన్నారు. "నాకేమీ బాధ లేదు. నీకుందా?" అని అడిగారు. నేను ఆలోచించి లేదన్నాను. మర్యాదకు అన్న మాట కాదది. ఆ ఏడాది లేకపోతే నాకు సొంత ప్రశ్న అంటూ ఉండేది కాదు. "మరి టీ పెట్టు" అన్నారు.

రెండేళ్ళ క్రితం, అదే ఇంట్లో, పెద్దగా బాధపడకుండా వెళ్ళిపోయారు. చర్చిలో పాటల బృందం పాడుతుంటే ముందు వరసలో ఆవిడ నిలబడే చోటు ఖాళీగా వదిలేశారు. సత్తెమ్మ వచ్చింది. ముసలివాడైపోయిన బిమల్ భయ్యా డిగ్లిపూర్ నుంచి బస్సులో రోజంతా ప్రయాణం చేసి వచ్చాడు. ఆవిడ ఇంతమందికి ఇన్ని రకాలుగా అక్కరకొచ్చారని నాకు అప్పటిదాకా పూర్తిగా తెలియదు.

పోయిన ఏడాది ఒక చిన్న దీవికి ఓడలు ఆగే కొత్త జెట్టీ కట్టడానికి సమావేశం పెట్టారు. నీటి మట్టం సంగతి చెప్పమని నన్ను పిలిచారు. నేల ఇంత కుంగుతూ లేస్తూ ఉంటుందని, సముద్రం ఇంత పెరుగుతోందని, ధ్రువాల మంచు పాత వెచ్చని కాలంలోలా జారడం మొదలుపెడితే ఈ హద్దులు దాటుతుందని, అది ఎప్పుడన్నది మాకు తెలియదని చెప్పాను. కుర్ర ఇంజనీరుకు విసుగొచ్చింది. "మేడం, ఇంతనుంచి ఇంతవరకు అంటే నేనేం కట్టను? ఒక్క అంకె చెప్పండి, బస్, చాలు."

గదిలో అందరూ నా వైపు చూశారు. ఒక్క అంకె చెబితే అందరూ సంతోషంగా భోజనానికి లేస్తారు. "ఇస్తాను. కానీ అది నాకు తెలిసిన అంకె కాదు, మీకు కావాల్సిన అంకె. ఫర్వాలేదా?" అన్నాను. అతను కలం కింద పెట్టేశాడు. ఆ పూట సమావేశం తేలకుండానే ముగిసింది.

నెల తర్వాత అతనే ఫోను చేశాడు. ఇప్పటికి మామూలు ఎత్తులోనే కడతాడట. కానీ రేపు అవసరమైతే పైభాగం మొత్తాన్ని ఇంకా ఎత్తుకు లేపుకునేలా స్తంభాల్ని ఇప్పుడే లావుగా పోయిస్తాడట. "మీరు తెలియదన్నారు కదా మేడం, దానికోసం" అన్నాడు, కాస్త నిష్ఠూరంగానే. మొన్న ఓడలోంచి చూశాను. స్తంభాలు లేచాయి. వాటిమీద ఇప్పుడు నిలవబోయే బరువుకు అంత లావు అక్కర్లేదు. ఆ మిగిలిన లావంతా నాకు తెలియనిదాని కోసం ఉంచిన చోటు. తెలియదన్న ఆ ఒక్క మాటను తల దించుకోకుండా చెప్పడం నేను ఎవరి దగ్గర నేర్చుకున్నానో ఆ కుర్రాడికి తెలియదు. ఓడ ఆ స్తంభాల్ని దాటి మలుపు తిరిగేదాకా రెయిలింగు పట్టుకుని చూస్తూ నిలబడ్డాను.